గీత దాటిన మూరెడు

"ఆస్తి పంచివ్వలేదని చిన్నకొడుకే తండ్రిని కారుతో గేటుకేసి నొక్కేశాడట!"

మాట పుట్టింది మూడో ఇంటి టైలరమ్మ నోట్లో. బట్టల కొలతలతో పాటు దాన్ని కూడా మందుల షాపావిడకి అప్పజెప్పింది. మందుల షాపావిడ కడుపులో మాట నిలవదు. కట్టుగుడ్డ కొనడానికి వెళ్ళిన పెద్దకోడలికే, చిల్లర చేతిలో పెడుతూ చెప్పేసింది. "నాకేం తెలుసమ్మా, అందరూ అనుకుంటున్నారు" అని చివర్లో చేతులు దులుపుకుంది.

పెద్దకోడలు ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే, ఆ మాటని వంటగదిలో అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు చాకుతో మాత్రను సగానికి కోస్తోంది. పొద్దున సగం, సాయంత్రం సగం అని డాక్టరు రాశాడు. మాట విన్నాక చాకు జారింది. మాత్ర మూడు ముక్కలైంది.

"ఏ ఆస్తట?" అంది ముక్కలు ఏరుకుంటూ. "మూడు గదులూ ఒక వరండా. పంచితే ఒకడికి తలుపులొస్తాయి, ఇంకొకడికి కిటికీలొస్తాయి. దానికోసం కన్నతండ్రిని నొక్కేస్తారా?"

"నేననలేదత్తయ్యా. అన్నారని చెప్పాను."

"చెప్పకపోతే నీ సొమ్మేం పోయేది?"

"రేపు మీ చెవిన పడితే, ముందే ఎందుకు చెప్పలేదే అంటారు."

పెరటి గుమ్మంలో తడిబట్టలు దులుపుతున్న చిన్నకోడలి చేతులు ఆగిపోయాయి. ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి పట్టేస్తుంది. మాటల్లో తేడాని కూడా అంతే.

"అక్కా, అది విని నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? కట్టుగుడ్డ తీసుకుని వచ్చేశాను."

"'కాదు' అని ఒక్కమాట అనలేదా?"

పెద్దకోడలు చెప్పులు విడవడానికి వరండాలోకి వెళ్ళింది. చెప్పులు విడవడానికి అంతసేపు పట్టదు.

"చూశారా అత్తయ్యా?" చిన్నకోడలి గొంతు పెరిగింది. "తొమ్మిది రోజులుగా ఇదే వరస. ఏదడిగినా అక్క లేచి వెళ్ళిపోతుంది. ఆయన కావాలనే చేశారని ఈవిడ కూడా అనుకుంటోందేమో!"

"ఎవరూ అనుకోవడం లేదు. నువ్వు బట్టలారెయ్."

"అనుకోకపోతే బావగారు కారెందుకు అమ్మేయమంటున్నారు? నాలుగింటికి కొనేవాళ్ళని రమ్మన్నారట. ఆయన్నడిగారా? నన్నడిగారా? కారు పోతే ఆయన ఏం చేసుకుని బతకాలి? బావగారి మెకానిక్ షెడ్డులో పానాలు అందించాలా?"

"వాడే ముట్టుకోవట్లేదు కదే స్టీరింగు. తొమ్మిది రోజులుగా మూలపడి ఉంది బండి."

"చేతులు వణుకుతున్నాయత్తయ్యా. నిన్న గడ్డం గీసుకుంటూ నాలుగు చోట్ల కోసుకున్నారు. నాన్నని కుంటివాణ్ణి చేశాను, నాన్నని కుంటివాణ్ణి చేశాను... ఇంకో మాట లేదు."

అత్తగారు మూడు ముక్కల్లో ఏది సగమో తేల్చుకోలేక అలాగే చూస్తూ కూర్చుంది.

*

ముందుగదిలో కిటికీ పక్క మంచం. ఎడమకాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, పెద్దాయన బయటికి చూస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే కారుండే రేకుల పందిరి దగ్గర్నుంచి గేటు దాకా దిగే సిమెంటు వాలు కనిపిస్తుంది. వాలు చివర, గేటుకు రెండడుగుల ఇవతల, తెల్లరంగు గీత.

ఆ గీత ఆయన గీసిందే. ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాడు. డిపోలో ప్రతి బస్సూ రోడ్డెక్కే ముందు పది అడుగులు దొర్లి, గీత మీద ఆగి చూపించాలి. ఆగని బస్సుకు ఆ రోజు గేటు తెరవరు. ఉద్యోగం అయిపోయాక ఆ పనిని జీతం లేకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే, మూసిన గేటుకు వీపు ఆనించి, కుడిచెయ్యి ఎత్తి నిలబడతాడు. చిన్నకొడుకు అద్దెకు తిప్పే కారు వాలులో దొర్లుకుంటూ వచ్చి గీత మీద ఆగాలి. ఆగాకే గేటు తీస్తాడు.

"గేటు అవతల నిలబడి చూడకూడదా?" అని భార్య ఎన్నిసార్లు మొత్తుకుందో.

"నా కొడుకు బ్రేకును నేనే నమ్మకపోతే దారినపోయేవాడెందుకు నమ్మాలే?" అనేవాడు.

వీధిలో ఆయన్ని గీతాయన అంటారు. ఎదురుగానే అంటారు. ఆయనకి ఆ పేరు ఇష్టమే.

తొమ్మిది రోజుల కిందట కారు గీత దాటింది. ఎంతో కాదు, మూరెడు. ముందురోజు సాయంత్రమే దానికి కొత్త బ్రేకులు పడ్డాయి. పళ్ళేలంత డిస్కులు, వాటిని పట్టి నొక్కే ఎర్రరంగు కాలిపర్లు, పందేల కార్లకు వేసే ప్యాడ్లు. చిన్నాడు బయట కొన్నాడు, పెద్దాడు తన షెడ్డులో బిగించాడు. ఆ బ్రేకులకు అది మొదటి ఉదయం, మొదటి తొక్కుడు. బండితో పాటు వచ్చిన పాత బ్రేకులు ఆరేళ్ళు గీత మీద ఆపాయి. వాటికి పదింతల ఖరీదు చేసే కొత్తవి ఆపలేదు. ఆ మూరెడులోనే, బంపరుకీ గేటుకీ నడుమ, పెద్దాయన మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

"నడవడం నడుస్తారు. క్లచ్ తొక్కడం మాత్రం మర్చిపోండి" అన్నాడు డాక్టరు.

ఆస్పత్రిలో అడిగినవాళ్ళందరికీ పెద్దాయన ఒకటే చెప్పాడు. బండి గీత మీదే ఆగింది, నేనే ముందుకొచ్చాను. ముందుకొచ్చిన మనిషి కాలు వెనకున్న గేటుకు ఎలా నలిగిందని ఎవరూ అడగలేదు. టైలరమ్మ ఒక్కతే అడిగి ఉంటుంది. జవాబు కూడా తనే కుట్టుకుంది.

కట్టు మార్చడానికి పెద్దకోడలు మందుల డబ్బా పట్టుకుని వచ్చింది.

"వంటగదిలో ఏంటమ్మా గోల?"

"ఏం లేదు మామయ్యా. టైలరమ్మ ఏదో వాగిందట."

ఏం వాగిందని ఆయన అడగలేదు. "చిన్నాడేడి?" అన్నాడు.

"బ్రేకులమ్మిన షాపుకి వెళ్ళాడు. ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని."

"ఎందుకట? విరిగింది నా కాలు. షాపువాడు మార్చి కొత్తదిస్తాడా?"

నవ్వబోయాడు. కాలు లాగింది. నవ్వు మూలుగైంది.

పెద్దకోడలు పాత కట్టు విప్పింది. లోపల రాడ్డు వేసి కుట్టిన చోట తుడిచింది. కొత్త గుడ్డ డబ్బాలో సర్దుతుంటే అడుగున మడిచిపెట్టిన కాగితం మూల బయటపడింది. గబుక్కున దాని మీద దూది పరిచేసింది.

"ఈమధ్య బొత్తిగా మాట్లాడవేంటమ్మా?" అన్నాడు పెద్దాయన. "మూగ కాంపౌండరు దగ్గర కట్టు కట్టించుకుంటున్నట్టుంది."

ఆమె ముడి వేసింది. బిగుతుగా పడింది. విప్పి మళ్ళీ వేసింది.

*

మూడున్నరకి చిన్నాడు వచ్చాడు. ఎండన పడి నడిచొచ్చిన మొహం. చంకలో అట్టడబ్బా, దాని మీద మండుతున్న చక్రం బొమ్మ.

పెద్దాడు వరండా మెట్టు మీద కూర్చుని, స్క్రూడ్రైవరు మొనతో గోళ్ళలో గ్రీజు తీసుకుంటున్నాడు. ఆదివారం, షెడ్డుకి సెలవు. చుట్టుపక్కల అందరికీ అతను 'పానా'. రోడ్డు మీద పోయే బండి కీచుమంటే, ఇక్కడ కూర్చునే ఏ చక్రమో చెప్పేస్తాడు.

"తాళాలెక్కడ పెట్టావు? వాళ్ళొచ్చే టైమైంది" అన్నాడు తలెత్తకుండా.

"అన్నయ్యా, ఈ డబ్బాలో కాగితం ఏది?"

"ఏం కాగితం?"

"ప్యాడ్ల అడుగున మడిచి పెట్టి ఉంటుందట. షాపువాడు అడిగాడు."

"వాడెవడు నన్నడగడానికి?"

"నిన్ను కాదు, నన్నడిగాడు." చిన్నాడు డబ్బాని మెట్టు మీద పెట్టాడు. "నీ బ్రేకులు మా నాన్న కాలు తీశాయి, వెనక్కి తీసుకోరా అని కౌంటరు మీద గుద్దాను. వాడు కదల్లేదు. 'పొద్దున్నే, బ్రేకులు చల్లగా ఉండగానే తొక్కావా?' అన్నాడు. అవునన్నాను. 'చల్లగా ఉంటే అవి పట్టవు బాబూ, పందేలవాళ్ళ ప్యాడ్లు. నాలుగుసార్లు తొక్కి వేడెక్కిస్తే అప్పుడు పడతాయి పట్టు. కాగితంలో బొమ్మేసి మరీ రాసుంది. బిగించినవాడు చెప్పలేదా?' అన్నాడు."

స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"అమ్మేటప్పుడు చెప్పాడా వాడు?"

"లేదు. గోడకి కొట్టినట్టు ఆగుతుందన్నాడు."

"మరి నన్నంటావేంట్రా? నన్నడిగి కొన్నావా? సగం ఊరికి బ్రేకులు బిగించేవాణ్ణి ఇంట్లో కూర్చునుంటే, ఎవడో అద్దాల తలుపుల షాపువాడి దగ్గరికి పోయావు. ఎర్రగా ఉన్నాయని కొన్నావు. చక్రం సందుల్లోంచి నలుగురికీ కనపడాలని కొన్నావు. పెళ్ళాం అద్దాలు అరగదీసే మిషను కొనుక్కుందామని దాచుకున్న డబ్బు పట్టుకెళ్ళి చక్రాలకి లిప్‌స్టిక్ పూశావు!"

"నా మిషను ఊసు మీకెందుకు బావగారూ?" చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చింది. "దాచింది నేను. ఇచ్చింది నేను."

"ఇచ్చేటప్పుడు ఎందుకని అడిగావా?"

"అడిగాను. చెప్పలేదు. ఇచ్చాను."

"ఆహా! కొనేవాడికి తెలీదు, ఇచ్చేదానికి తెలీదు. ఇప్పుడా కారు కొనేవాడు వాటికి పైసా ఎక్కువివ్వడు, తెలుసా? మామూలువి బిగించి ఉంటే బాగుండేది అన్నాడు ఫోనులో."

"ఎరుపు కోసం కొనలేదన్నయ్యా." అన్నాడు చిన్నాడు.

"మరి దేనికి?"

చిన్నాడు వరండా స్తంభానికి ఆనుకున్నాడు. చెప్పాలా వద్దా అని భార్య వైపు చూశాడు. ఆమెకీ తెలియదు కాబట్టి ఆమె మొహంలో ఏమీ దొరకలేదు.

"మూడు నెలల కింద కొండ మీదికి కిరాయి వెళ్ళాను. దిగుతున్నాను. వెనక సీట్లో ఇద్దరు ముసలాళ్ళూ, ఒక పిల్ల, పిల్ల ఒళ్ళో పసిబిడ్డా. ఏడో మలుపు దగ్గర తొక్కితే పెడలు నేలకి తగిలింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ నేలే. గేరు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, కొండ గోడకి టైర్లు ఒరిపించి ఆపాను."

పెద్దాడు స్క్రూడ్రైవరు మెట్టు మీద పెట్టాడు.

"వాళ్ళకి తెలీనివ్వలేదు. ఇక్కణ్ణుంచి లోయ బాగా కనపడుతుంది, ఫొటోలు దిగండి అన్నాను. దిగారు. నన్ను కూడా నిలబడమన్నారు. ఆ ఫొటోలో నవ్వుతూ ఉన్నాను నేను." మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజు నుంచి ఏ వాలు చూసినా కాలు చల్లబడిపోతోంది. అందుకని... అన్నిటికంటే పెద్దవి, అన్నిటికంటే ఖరీదైనవి ఏవో అవే ఇవ్వమన్నాను."

చిన్నకోడలు చేతిలో ఉన్న తడి తువ్వాలుని పిండుతూనే ఉంది. అందులో నీళ్ళెప్పుడో అయిపోయాయి.

"మూడు నెలలు!" అంది. "రోజూ పక్కనే పడుకుని, నాతో ఒక్కమాట..."

"నాకెందుకు చెప్పలేదురా?" పెద్దాడు లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"నవ్వుతావని."

"నవ్వేవాణ్ణే! నవ్వి, పాత బ్రేకాయిల్ పారబోసి కొత్తది పోసేవాణ్ణి. ఎన్నేళ్ళైందిరా అది మార్చి? కొండ దిగేటప్పుడు మరిగిపోయుంటుంది. మామూలు ప్యాడ్లు నాలుగు వేసేవాణ్ణి. అరపూట పని! ఆవిడ మిషను డబ్బులో పదోవంతు కూడా అయ్యేది కాదు. నీ పాత బ్రేకులకి ఏ రోగమూ లేదురా వెధవా!"

"ఆ మాట, నేను డబ్బా పట్టుకుని నీ షెడ్డుకి వచ్చిన రోజున ఎందుకనలేదు?"

"అననిచ్చావా?" పెద్దాడి మెడ నరాలు ఉబ్బాయి. "ఇవి దేనికిరా అని నేను నోరు తెరిచానో లేదో, ఏమన్నావు? ఉపన్యాసం వద్దు, నోరు మూసుకుని బిగించు, కూలీ ఎంతో చెప్పు పడేస్తాను అన్నావు. కూలీ! నలుగురు గిరాకీలు వింటుండగా. నేను నీకు కూలీవాణ్ణా?"

చిన్నాడు తల దించుకున్నాడు. "అన్నాను. తప్పే. కాళ్ళు పట్టుకుంటాను, అది వేరే సంగతి. కాగితం ఏదన్నయ్యా?"

"లేదు."

"లేదా, నువ్వు చూళ్ళేదా?"

"డబ్బాలో కాగితమే లేదంటుంటే! అమ్మ మీద ఒట్టు, చాలా?"

"నా మీద ఒట్లెందుకురా?" వంటగదిలోంచి వస్తున్న తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నన్నెందుకు లాగుతారు మధ్యలోకి?"

అప్పుడే కిటికీలోంచి పెద్దాయన గొంతు వినిపించింది.

"ఆపండ్రా ఇంక! కాగితం లేదు, గీగితం లేదు. బండి గీత మీదే ఆగింది. నేనే ముందుకొచ్చాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

ముప్ఫై రెండేళ్ళ డ్యూటీ షీట్లలో ఒక్క నిమిషం కూడా తప్పు రాయని మనిషి. ఆ అబద్ధాన్ని గట్టిగా, తడబడకుండా, వీధిలోకి వినపడేలా చెప్పాడు. తొమ్మిది రోజుల్లో బాగా సాధన అయింది.

"విన్నావుగా?" అన్నాడు పెద్దాడు తమ్ముడితో. "నాన్నే చెప్తున్నాడు. ఇంక దానికి నన్ను బాధ్యుణ్ణి చేస్తావేంటి? తాళాలు తీసుకురా."

గోడకి ఆనుకుని నిలబడ్డ పెద్దకోడలు ఆ మాట విన్నది.

తండ్రి అబద్ధం కొడుకు చేతికి ఆసరా అయింది. అంతవరకూ ఆమె ఓర్చుకుంది. కాలు విరగడానికి ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మొగుడు జేబులోంచి ఆ కాగితం తీసి, "రేపు తెలుస్తుంది దొరగారికి. మొదటి బ్రేకుకే చెమటలు పడతాయి" అని నవ్వినప్పుడు ఓర్చుకుంది. "ఒక మాట చెప్పకూడదా అతనికి?" అంటే, "నోరు మూసుకోమన్నాడుగా" అన్నప్పుడూ ఓర్చుకుంది. అంతకంటే ముందుకు ఆమె కూడా ఆలోచించలేదు. తెల్లారి గేటు దగ్గర కేక విన్నాకే ఆలోచన వచ్చింది.

ఆమె లోపలికి వెళ్ళింది.

*

పెద్దాయన మంచం మీద, కాలి పక్కన, మందుల డబ్బా తెరిచింది. దూది తీసింది. కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

వెనకే వచ్చిన పెద్దాడు గుమ్మం దాటకుండానే అరిచాడు.

"ఎక్కడిదే అది? పొయ్యిలో పడేయమన్నానుగా!"

అని, ఆగిపోయాడు.

వెనక తమ్ముడు ఉన్నాడు. తమ్ముడి భార్య ఉంది. తల్లి ఉంది. అనేసిన మాట అందరికీ వినపడింది.

"అక్కా..." చిన్నకోడలు ఒక అడుగు ముందుకేసింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"తొమ్మిది రోజుల్నించీ?"

"పది" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. ఇంక ఆమె వైపు చూడలేదు.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. అది చిన్నకోడలు అరగదీసి ఇచ్చిన జోడే. కాగితం మడతలు విప్పాడు. చీమల్లాంటి అక్షరాలు, పది భాషల్లో. ఓ మూల మన భాష కూడా. మంచు బొమ్మ, దాని కింద పొడుగాటి బాణం. నిప్పు బొమ్మ, దాని కింద పొట్టి బాణం. అంచున గ్రీజు బొటనవేలి ముద్ర, గీతలు లెక్కపెట్టేంత స్పష్టంగా.

పక్కన పెన్సిలుతో టిక్కులు.

బిగించేవాడు చెయ్యాల్సిన పనులు వరసగా పదకొండు. మొదటి పదికీ ఎదురుగా టిక్కు. ఆ టిక్కులెవరివో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొడుక్కి పన్నెండేళ్ళప్పుడు డిపోకి తీసుకెళ్ళి, బస్సు కింద పడుకోబెట్టి నేర్పింది తనే. చేసిన పనికే టిక్కు పెట్టు. చెయ్యని పనికి పెట్టావో, అది దొంగ టిక్కు. ఆ షెడ్డులో ఈనాటికీ ఒక్క దొంగ టిక్కు పడలేదు. ఇందులో కూడా పడలేదు.

పదకొండోదాని ఎదురుగా ఖాళీ.

పెద్దాయన దాన్ని పైకి చదివాడు. బస్సులో స్టాపు పేరు చదివినట్టు, నిదానంగా.

"చల్లగా ఉన్నప్పుడు ఈ ప్యాడ్లు తక్కువగా పట్టుకుంటాయి. ఈ సంగతి బండి నడిపేవారికి తప్పక చెప్పండి."

గేటు దగ్గర ఏదో కారు వచ్చి ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. నాలుగైంది. కారు కొనేవాళ్ళు.



చిన్నాడు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటున్నాడు. వణుకుతోందో, ఆగిందో, అతనికే తెలియడం లేదు. తల్లి గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. "నా మీద ఒట్టేశాడు" అంది, ఎవరితోనూ కాకుండా.

"వాడే నోరు మూసుకోమన్నాడు నాన్నా" అన్నాడు పెద్దాడు. "ఒక్కసారి బ్రేకు జారితే భయపడతాడు, అప్పుడు నా దగ్గరికే వస్తాడు, వచ్చి అడుగుతాడు, అప్పుడు చెప్దామనుకున్నాను. అంతే. అంతకంటే ఏమీ అనుకోలేదు."

పెద్దాయన కాగితాన్ని మళ్ళీ పాత మడతల మీదే మడుస్తున్నాడు.

"రోజూ నువ్వు గేటు దగ్గర నిలబడతావన్న సంగతే తట్టలేదు. నిజంగా. నీకు తగులుతుందనుకోలేదు నాన్నా."

బయట హారన్ మళ్ళీ మోగింది. పెద్దాయన కళ్ళజోడు తీసి, కాగితం మీద పెట్టాడు. పెద్దకొడుకు మొహంలోకి చూశాడు.

"మరి ఎవరికి తగులుతుందనుకున్నావురా?"